వైజాగ్ ఒడ్డున గాలం: రాడ్ కొనే ముందు నీళ్ళు చూడటం నేర్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి ఉద్యోగం మీద విశాఖ వచ్చారు. చిన్నప్పుడు ఊరి చెరువులో వెదురు కర్రతో గాలం వేసిన అలవాటుంది. ఇప్పుడు సముద్రం ఒడ్డున మొదలుపెట్టాలనుంది, పదివేలు పక్కన పెట్టారు. ఏ రాడ్ కొనాలి, ఎర ఏమిటి, వీడియోల్లో కనిపించే రంగురంగుల ప్లాస్టిక్ చేపలు పనిచేస్తాయా, ఒక్కడినే వెళ్ళొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. పది అడుగుల రాడ్, 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీల్ (దారం చుట్టే మర), 0.35 మిల్లీమీటర్ల నైలాన్ లైన్, అంటే దారం, కొన్ని హుక్కులు, సీసం బరువులు. ఎర తాజా రొయ్య. తెల్లవారుజామున, పోటు ఎక్కుతున్నప్పుడు వెళ్ళండి. ముప్పై నలభై మీటర్లకు మించి విసరకండి. మీ పదివేలలో ఆరేడు వేలు చాలు. మిగతాది దాచుకోండి, మొదటి రెండు నెలల్లో హుక్కులు, సీసం బరువులు సముద్రానికి ఎలాగూ సమర్పించుకుంటారు.

ఇక్కడితో ఆపినా పని నడుస్తుంది. కానీ ఆ "ముప్పై మీటర్లు" దగ్గర మీరు నన్ను నమ్మరని తెలుసు, ఎందుకంటే నేనూ నమ్మలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట మొదలుపెట్టినప్పుడు మద్రాసు నుంచి పద్నాలుగు అడుగుల రాడ్ తెప్పించుకున్నాను. ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అని నా లెక్క. ఇక్కడ ఒడ్డున నిలబడితే పోర్టులోకి వెళ్ళడానికి లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తుంటాయి కదా, వాటికేసి గురిపెట్టి బలమంతా పెట్టి విసిరేవాణ్ణి. నాలుగు నెలల్లో దొరికినవి మూడు జెల్ల చేపలు, ఒక పీత, భుజం నొప్పి. ఒకరోజు జోడుగుళ్ళపాలెంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్ను చూసి చూసి, "ఏటి బాబూ, సేపలు కాలికాడ తిరుగుతుంటే నువ్వు ఓడకి గేలమేస్తన్నావేటి?" అన్నాడు. ఎగతాళి కాదు, జాలి పడ్డాడు. లేచి వచ్చి, వేలు పెట్టి ఒక చోటు చూపించాడు. పాతిక మీటర్లు ఉంటుందేమో. అక్కడ వేస్తే పది నిమిషాల్లో గొరక చేప పడింది. అప్పటినుంచి ఆయన నాకు బాబాయ్. నేను కింద రాసేదాంట్లో సగం ఆయన చెప్పిందే.

నీళ్ళు చదవడం

ఒడ్డుకు వెళ్ళగానే రాడ్ విప్పకండి. పది నిమిషాలు ఊరికే నిలబడి అలలు చూడండి. అల మొదట కాస్త దూరంలో విరిగి తెల్లగా నురగ కడుతుంది. తర్వాత ఆ నురగ చల్లారి నీళ్ళు కొంచెంసేపు నున్నగా కదులుతాయి. మళ్ళీ మీ కాళ్ళ దగ్గర చివరిసారి విరుగుతుంది. మొదట విరిగిన చోట అడుగున ఇసుక దిబ్బ ఉందన్నమాట, లోతు తగ్గింది కాబట్టే అల అక్కడ పడిపోయింది. నున్నగా కనిపించిన చోట గాడి ఉంది. మీ ఎర పడాల్సింది ఆ గాడిలో.

ఎందుకంటే, అలలు ఇసుకను తవ్వినప్పుడల్లా అందులో దాక్కున్న పురుగులు, చిన్న పీతలు, గుల్లలు బయటపడతాయి. అవన్నీ కొట్టుకుపోయి గాడిలో చేరతాయి. చేపకు అది భోజనాల బంతి. చిన్న చేపలు అక్కడికి వస్తాయి, వాటి వెనకే పెద్దవీ వస్తాయి. దిబ్బకు అవతల విసిరితే మన ఎర బంతి జరుగుతున్న పందిరి దాటి ఊరి బయట పడినట్టు.

గాడిలో చేరిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోవాలి కదా, అవి దిబ్బకు అక్కడక్కడా తూములు చేసుకుంటాయి. తూము దగ్గర అలలు విరగవు. రెండు పక్కలా నురగ ఉండి మధ్యలో నీళ్ళు ముదురు రంగులో, చూడటానికి నెమ్మదిగా ఉంటాయి. ఒక్కోసారి ఇసుక కలిసిన మడ్డి నీళ్ళు ఆ దారిన బయటికి పోవడం కంటికి తెలుస్తుంది. గాలం వేసేవాడికి ఇది బంగారం లాంటి చోటు: తూము అంచున, నురగా ముదురు నీళ్ళూ కలిసే గీత మీద ఎర వేయండి. కానీ అందులోకి మోకాలి లోతు కూడా దిగకండి. బీచ్‌లో స్నానానికి దిగినవాళ్ళను లాక్కుపోయేది సరిగ్గా ఈ ప్రవాహమే. అలలు లేవు కదా, ఇక్కడ బాగుంది అనుకుని అక్కడే దిగుతారు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ప్రవాహం దాటాక లోపలికి రావాలి.

గాడులు, తూములు ఒకచోట ఉండవు. పెద్ద వాయుగుండం వచ్చి వెళితే నెల కిందట చేపలు పడిన చోటు చదునైపోతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత నాకు తెలిసిన చోట్లన్నీ మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవలసి వచ్చింది. అందుకే "ఫలానా చోట వేయండి" అని చెప్పేవాళ్ళకంటే, చోటు ఎలా కనిపెట్టాలో నేర్పేవాళ్ళు మేలు.

దీనికి ఒక సులువు మార్గం ఉంది. అమావాస్యకో పౌర్ణమికో, నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ రాడ్ లేకుండా వెళ్ళండి. నీళ్ళ కింద ఉండే గాడి సగం బయటపడి ఉంటుంది. ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, వెనక ఉన్న దీపస్తంభమో కొబ్బరిచెట్టో గుర్తు పెట్టుకోండి. పోటు ఎక్కాక అదే గుర్తుకు ఎదురుగా నిలబడండి.

పోటు, పాటు

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్ళు దిగడం). వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీళ్ళు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతాయి, అష్టమి ప్రాంతంలో కదలిక తక్కువ. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో లాగా ఇళ్ళెత్తు పోట్లు మనకు లేవు, విశాఖలో పెద్ద పోటుకు కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అయినా వాలు తక్కువున్న ఇసుక మీద ఆ ఒకటిన్నర మీటరే గాడిని నింపుతుంది, ఖాళీ చేస్తుంది.

నా అనుభవంలో పోటు పూర్తిగా ఎక్కడానికి ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట మంచి కాలం. అది తెల్లవారుజామునో మునిమాపునో కలిసొస్తే ఇంకేం కావాలి. మొబైల్‌లో ఆటుపోట్ల వేళలు చూపించే యాప్‌లు ఉన్నాయి, గోడమీద తెలుగు క్యాలెండర్‌లో తిథి ఉంది, రెండూ కలిపి చూసుకోండి. మిట్టమధ్యాహ్నం పాటు వేళ వెళ్ళి చేపలు పడలేదని రాడ్‌ను తిట్టకండి.

సామాను

రాడ్ 10 అడుగులు, 50 నుంచి 100 గ్రాముల బరువు విసరగలిగేది. పన్నెండు అడుగులది కూడా బాగానే ఉంటుంది కానీ కొత్తలో చేతికి బరువు. రెండు ముక్కలుగా విడిపోయేది తీసుకోండి. యాంటెనాలా లాగితే పొడుగయ్యేది బస్సులో తీసుకెళ్ళడానికి సుఖమే గానీ, కీళ్ళలో ఇసుక చేరాక అది మూసుకోదు, విప్పుకోదు.

రీల్ దగ్గర మాత్రం మరీ చవకకు పోకండి. ఉప్పునీళ్ళు ముందు తినేది దాన్నే. స్పూల్ (దారం చుట్టుకునే గిర్ర) నిండా, అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపు వరకు లైన్ చుట్టాలి. తక్కువ చుడితే దూరం పోదు, ఎక్కువ చుడితే ఉండలు ఉండలుగా ఊడిపడుతుంది. దుకాణంలో మీకు బ్రెయిడ్ (పోగులు జడలా అల్లిన) దారం అంటగట్టాలని చూస్తారు. అది సన్నం, గట్టి, దూరం పోతుంది, అన్నీ నిజమే. కానీ గాలికి చిక్కుపడితే విప్పలేరు, రాళ్ళకు రాసుకుంటే తెగుతుంది, చేతికి చుట్టుకుని లాగితే వేలు కోసుకుపోతుంది. నా చూపుడు వేలి మీద ఆ గీత ఇంకా ఉంది. మొదటి ఏడాది నైలాన్‌తోనే ఉండండి.

నైలాన్ చివర మందమైన ఇంకో దారం ముక్క, అంటే లీడర్, కట్టాలి. విసిరేటప్పుడు పడే దెబ్బను అది భరిస్తుంది. సీసం బరువు ఔన్సుకు, అంటే 28 గ్రాములకు, పది పౌండ్ల బలం చొప్పున లీడర్ అని ఒక లెక్క ఉంది. 80 గ్రాముల సీసం వేస్తే 30 పౌండ్ల లీడర్, నేను 40 వేస్తాను. పొడవు ఎంతంటే, విసరడానికి సిద్ధంగా ఉన్నప్పుడు రాడ్ కొస నుంచి రీల్ దాకా వచ్చి, రీల్ మీద నాలుగైదు చుట్లు పడాలి. ఇది లేకుండా బలంగా విసిరితే దారం తెగి సీసం తుపాకీ గుండులా పోతుంది. ఎదురుగా ఎవరున్నా ప్రమాదమే.

రీల్ మీద డ్రాగ్ అనే బిగింపు మర ఉంటుంది. దాన్ని లైన్ బలంలో మూడో వంతుకు పెట్టుకోవాలి. సంత సంచి తూచే స్ప్రింగ్ తక్కెడకు దారం కట్టి లాగి చూడండి, రెండు కిలోల దగ్గర రీల్ దారం వదలాలి. పూర్తిగా బిగించి కూర్చుంటే పెద్దది తగిలిన రోజు దారమైనా తెగుతుంది, రాడ్ అయినా పోతుంది.

హుక్కుల నంబర్లు కొత్తవాళ్ళను తికమక పెడతాయి. 10వ నంబరు చిన్నది, 4 దానికంటే పెద్దది, 1 ఇంకా పెద్దది. అక్కడినుంచి 1/0, 2/0 అని పోతూ పోతూ పెద్దవవుతాయి. మీకు 4వ నంబరు, 1/0, 3/0 ఒక్కో పాకెట్ చాలు. వీలైతే సర్కిల్ హుక్ తీసుకోండి, కొస లోపలికి వంగి ఉంటుంది. చేప దవడ మూలన తగులుతుంది, గొంతులో దిగదు. దానికి ఒకటే షరతు: చేప లాగినప్పుడు మీరు ఎదురు గుంజకూడదు, ఊరికే చుట్టాలి. చెరువులో బెండు మునగ్గానే లాగిన చెయ్యి కదా మీది, ఈ అలవాటు మానడానికి కొన్నాళ్ళు పడుతుంది.

సీసం గుండ్రటిది కొనకండి. అలకు దొర్లుకుంటూ మీ కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. పిరమిడ్ ఆకారంలో ఉన్నది ఇసుకలో దిగి నిలబడుతుంది. రాళ్ళ మీద వేసేటప్పుడు సీసం దండగ. మెకానిక్ షెడ్డులో అడిగితే పాత స్పార్క్ ప్లగ్గులు సంచెడు ఇస్తారు. వాటిని మిగతా లైన్ కంటే బలహీనమైన దారంతో కట్టండి. రాళ్ళలో ఇరుక్కుంటే అదొక్కటే తెగిపోతుంది, చేప మీకు దక్కుతుంది.

రాడ్ నిలబెట్టడానికి స్టాండు కొనకండి. ప్లంబింగ్ పైపు నాలుగడుగుల ముక్క, ఒక చివర ఏటవాలుగా కోయించుకుంటే అయిపోయింది.

కట్టు ఒక్కటి చాలు

వీడియోల్లో ఇరవై రకాల కట్లు చూపిస్తారు. మీకు కావలసినది ఇదీ. లీడర్ చివర సీసం. దానికి ఒక జానెడు పైన ఒక హుక్, ఇంకో మూరెడు పైన రెండో హుక్, ఒక్కొక్కటి ఆరంగుళాల కొమ్మలా పక్కకు వేలాడుతూ. దీన్ని పటెర్‌నాస్టర్ అంటారు. సీసం అడుగున కూర్చుంటుంది, ఎరలు ఇసుకకు కొంచెం పైన ఊగుతుంటాయి. ముడి కూడా ఒకటే నేర్చుకోండి, యూని నాట్. ఇంట్లో ఒక సాయంత్రం యాభై సార్లు వేయండి. బిగించే ముందు నోటితో తడి చేయాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

ఎర

తాజాదనం ముందు మిగతావన్నీ దిగదుడుపే. పాడైన ఎరకు పీతలు, జెల్లలు వస్తాయి, మంచి చేప రాదు.

రొయ్య అన్నిటికంటే సులువు. మార్కెట్‌లో దొరికే చెరువు వనామీ రొయ్య సరిపోతుంది, కాకపోతే మెత్తన. రెండు అలలకు హుక్ మీదనుంచి జారిపోతుంది. పొట్టు తీయకుండా తోక వైపు నుంచి గుచ్చి, సన్నటి సాగే దారంతో నాలుగు చుట్లు చుట్టండి. అది దొరక్కపోతే కుట్టు మిషన్ దారమైనా పర్వాలేదు. ముందురోజు రాత్రి కళ్ళుప్పు చల్లి ఫ్రిజ్‌లో పెడితే నీరు పోయి గట్టిపడుతుంది. మా ఇంట్లో ఆ డబ్బా మీద "తినేది కాదు" అని రాసి పెట్టాల్సి వచ్చింది. దాని వెనక ఒక కథ ఉంది, అది ఇక్కడ వద్దు.

కవళ్ళు (చిన్న నూనె చేపలు) ముక్కలుగా కోసి వేస్తే వాటి నూనె వాసన నీళ్ళలో దూరం పోతుంది. గొరకకు, టేకుకు (తోకకు ముల్లుండే చదునైన చేప), పెద్ద జెల్లకు ఇష్టం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున కొంటే చవక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మర పడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో తాజా కవళ్ళు కరువు. ముందే కొని ఫ్రీజర్‌లో పెట్టుకోండి. స్క్విడ్ చీలికలు రెండు గంటలైనా హుక్ మీదే ఉంటాయి, చిన్న చేపలు పీక్కుతినే చోట అదే దిక్కు.

డబ్బు పెట్టకుండా దొరికే గొప్ప ఎర ఇంకొకటుంది. అల వెనక్కి పోగానే తడి ఇసుకలో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ దూరిపోయే బొటనవేలంత చిన్న జీవి, గోళ్ళు లేని పీత లాంటిది. పిల్లలు పట్టి ఆడుకుంటుంటారు. అది ఆ ఒడ్డు చేపల రోజువారీ తిండి. గుప్పెడు చాలు, ఎక్కువ తవ్వొద్దు.

చెరువు అలవాటుతో ఎర్రలు తేవద్దు. ఉప్పునీళ్ళలో అవి నిమిషాల్లో చచ్చి తెల్లబడిపోతాయి. గోదారి పాయల్లోనో, ఉప్పుటేరుల పై భాగంలోనో పనికొస్తాయేమో గానీ అలల్లో కాదు.

చేప తగిలాక

రాడ్ నిటారుగా ఉండాలి, దారం దగ్గరి అలలకు పైగా పోవాలి. కొస టకటకమని వణికితే చిన్న చేప. ఒక్కసారిగా వంగితే చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్ళు పోగొట్టుకునేది మూడో రకం: బిగుతుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులైపోతుంది. సీసం జరిగింది అనుకుంటారు. చాలాసార్లు చేప ఎర పట్టుకుని మీ వైపే వస్తోంది. వెంటనే గబగబా చుట్టండి.

ఒడ్డుకు తెచ్చేటప్పుడు కంగారు వద్దు. అల వస్తున్నప్పుడు చుట్టండి, వెనక్కి పోతున్నప్పుడు ఆగండి. వెనక్కి పోయే అల బరువు, చేప బరువు రెండూ ఒకేసారి దారం మీద పడితే, మూడడుగుల నీళ్ళలోకి వచ్చిన చేప అక్కడే తెంపుకుపోతుంది. తర్వాతి అల దాన్ని తనే ఇసుక మీదికి మోసుకొస్తుంది. భీమిలిలో గోస్తని కలిసే చోట, తొలి వరద నీళ్ళు వచ్చిన వారంలో, నాలుగు కిలోలైనా ఉండే పండుగప్పను నేను ఇలాగే చేతులారా వదిలించుకున్నాను. లాగాలన్న ఆత్రం, అంతే. దాని వీపు చూశాను కూడా.

రంగురంగుల ప్లాస్టిక్ చేపలు

వీటిని ల్యూర్ అంటారు. పనిచేస్తాయి, కానీ అన్ని రోజులూ కాదు. నీళ్ళు తేటగా ఉండాలి, వేటాడే చేప కంటితో చూసి వెంటపడాలి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా, తుపాను లేని రోజుల్లో, రాళ్ళ దగ్గర తెల్లవారుతుండగా 30 గ్రాముల జిగ్‌తో, అంటే చేపలా మెరిసే లోహపు ముక్కతో, పార చేపలు పడతాయి. వర్షాకాలం మడ్డి నీళ్ళలో ల్యూర్ విసరడమంటే గుడ్డివాడికి కన్నుగీటడం. పైగా ల్యూర్ ధర ఒక్కొక్కటి నాలుగు వందలు, రాయికి తగిలితే అది రాయిదే. ముందు ఎరతో చేప ఎక్కడ తిరుగుతుందో తెలుసుకోండి. రెండో ఏడు కొనుక్కోండి.

ఎక్కడ

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ వైపు ఇసుక కొత్తవాళ్ళకు మంచిది. భీమిలి నదీముఖం పండుగప్పకు, బొంత చేపలకు. మంగమారిపేట దగ్గర ఇసుకా రాళ్ళూ రెండూ ఉన్నాయి, కొంచెం చెయ్యి తిరిగాక వెళ్ళండి. ఆర్కే బీచ్ సాయంత్రం వద్దే వద్దు. మీ వెనక బెలూన్లవాడు, ముంత మసాలా బండి, పరిగెత్తే పిల్లలు, మధ్యలో మీరు హుక్ ఊపుతారా? రుషికొండలో స్నానాలు చేసే భాగానికి దూరంగా ఉండండి. నేవీ ప్రాంతాలు, పోర్టు గోడల జోలికి పోవద్దు, బోర్డు లేకపోయినా ముందు అడగండి.

నగరం మురుగు మోసుకొచ్చే గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట బొంతలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఆశ పుడుతుంది. పట్టి వదిలేస్తే వదిలేయండి, ఆ చేప ఇంటికి తేకండి.

ఇంకొక మాట. పెద్దవల లాగుతున్న చోట గాలం వేయకూడదు. పాతికమంది ఒక పొద్దంతా కష్టపడే పని అది, మీ హుక్ వాళ్ళ వలలో తగులుకుంటే మీది సరదా, వాళ్ళది కూలి. పక్కకు జరిగి, వీలైతే ఓ చెయ్యి వేసి తాడు లాగండి. నాకు ఎర కొనాల్సిన అవసరం చాలాసార్లు అలాగే తప్పింది.

కుట్టేవి, కోసేవి, చంపేవి

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు, రంపం లాంటి విషపు ముళ్ళు. మొదటి నెలలో మీకు పడేది ఎక్కువగా అదే. చేత్తో పట్టుకోకండి, పట్టకారు వాడండి. నాకు ఒకసారి బొటనవేలులో దిగి మోచేయి దాకా సలిపింది. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. టేకు తోక ముల్లుకూ ఇదే మొదటి చికిత్స, కానీ అది లోతుగా దిగుతుంది, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. నీళ్ళలో నడిచేటప్పుడు అడుగులెత్తి వేయకుండా పాదాలు ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి, టేకు ముందే తప్పుకుంటుంది.

పండుగప్ప మొప్ప డిప్ప అంచు బ్లేడు. గాలి నింపుకుని బంతిలా ఉబ్బే చేప పడితే హుక్ తీసి వదిలేయండి, దాన్ని ఎంత వండినా విషం పోదు, ప్రాణం తీస్తుంది. దారం హుక్ పైన కత్తిరించినట్టు తెగి వస్తోందంటే ఆ దగ్గర్లో అదే తిరుగుతోందని అనుమానించండి. గిటార్ ఆకారంలో, ముక్కు పారలా చదునుగా ఉండే చేపల్లో కొన్నిటికి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. గుర్తుపట్టలేకపోతే నీళ్ళలోనే హుక్ తీసి పంపేయండి.

చిన్నవాటిని వదలండి, అది అందరూ చెప్పేదే. పండుగప్ప విషయంలో మరీ పెద్దదాన్ని కూడా వదలమంటాను. అది మగగా మొదలై పెరిగాక ఆడగా మారే చేప, బాగా పెద్దదంటే గుడ్లు పెట్టే తల్లే. మా ఆవిడకు ఈ వాదన నచ్చదు.

శీతాకాలం చివర రాత్రిళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుక ఎక్కుతాయి. అప్పుడు తలదీపం ఆర్పేసి దూరంగా జరగండి. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా ఒడ్డున వదలకండి. వాటి మెడకు చుట్టుకునేది అదే.

ఒక్కడినే వెళ్ళొచ్చా?

ఇసుక మీద, వెలుతురులో అయితే వెళ్ళండి. రాళ్ళ మీదికి మాత్రం ఒంటరిగా వద్దు, ఎన్నేళ్ళ అనుభవం వచ్చినా వద్దు. అలలన్నీ ఒక ఎత్తులో రావు. పది నిమిషాలు బుద్ధిగా ఉండి, తర్వాత రెండు మూడు పెద్దవి వరుసగా వస్తాయి. రాయి ఎక్కే ముందు ఇరవై నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. పైభాగం తడిగా ఉన్న రాయి ఎక్కకండి, పచ్చగా నాచు పట్టినది అసలే వద్దు. సముద్రానికి వీపు పెట్టి ముడి వేసుకోకండి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలల హెచ్చరికలు ఇస్తుంటుంది. మీ ఊరి సంస్థే కాబట్టి వెళ్ళే ముందు ఒకసారి చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో పుట్టిన ఉప్పెన లాంటి అలలు ఒడ్డుకు రావచ్చు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలికి లంగరేసిన బంగ్లాదేశ్ సరుకు ఓడే కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళెక్కింది. ఓడకే దిక్కులేని గాలిలో మన పది అడుగుల రాడ్ ఏపాటిది. ఉరుము వినబడితే అది పిడుగును పిలిచే కర్ర కూడా, కార్బన్‌తో చేసినది కదా. మడిచి పడుకోబెట్టి దూరంగా వచ్చేయండి.

ఇంటికి రాగానే రీల్‌ను మంచినీళ్ళతో మెల్లగా కడగండి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టండి. నా స్నేహితుడొకడు కొత్త రీల్‌ను కారు డిక్కీలో వారం వదిలేశాడు. ఎనిమిదో రోజు హ్యాండిల్ తిరగలేదు.

సామాను వచ్చేలోపు ఈ అమావాస్యకు పాటు వేళ సాగర్‌నగర్ ఒడ్డుకు వెళ్ళి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. వెనక ఏదో ఒక స్తంభం కనిపించేలా తీయండి. గాడి ఎక్కడుందో గీత గీసి చూపిస్తాను.